మూడు వైపుల దడి

సునామీ వచ్చిన ఐదో ఏడు, ఎండలు ఇంకా ముదరకముందే, కన్నారావు దొడ్డి ఖాళీ అయిపోయింది. బాంబూఫ్లాట్ జెట్టీలో ఫెర్రీ దిగినవాళ్ళు ముక్కు మూసుకుని దాటే చోటు అది. ఇప్పుడక్కడ పేడ వాసన కూడా లేదు. తొట్లలో నీళ్ళు పాచిపట్టాయి. పక్కింటివాళ్ళు దడి కర్రల మీద దుప్పట్లు ఆరేసుకుంటున్నారు.

కన్నారావు కోత గొడ్ల వ్యాపారి. అతని తండ్రి శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఈ దీవులకి కూలికి వచ్చి ఈ పని పట్టుకున్నాడు. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ పల్లెల్లో కాడికి పనికిరాని దున్నపోతుల్ని, చూడి కట్టని గేదెల్ని కొనడం, లారీలో తెచ్చి కొన్నాళ్ళు మేపడం, పశువుల డాక్టరు చీటీ అయ్యాక కోత దుకాణానికి పంపడం. మలబారు వాళ్ళ పెళ్ళిళ్ళకీ, రాంచీ వాళ్ళ పండగలకీ మాంసం ఈ దొడ్డి నుంచే వెళ్ళేది. బంధువుల్లో ఎవరూ ఆ పని గురించి అడిగేవారు కాదు. అతనూ చెప్పేవాడు కాదు.

పని నెమ్మదిగా చిక్కిపోతూ వచ్చింది. పల్లెల్లో పవర్ టిల్లర్లు వచ్చి కాడి దున్నలు తగ్గాయి. సునామీకి పల్లపు పొలాలు కుంగి ఉప్పునీళ్ళ కిందికి పోయాక మేత పోయింది. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో గడ్డకట్టించిన కోడిమాంసం దిగడం మొదలైంది. చివరికి ఆ ఏడు గాలికుంటు తగిలింది. గొడ్ల నోళ్ళు పుండ్లు పడ్డాయి, గిట్టలు ఊడాయి. రోగం అణిగేదాకా ఏ గొడ్డునీ రోడ్డు మీద తోలకూడదని ఉత్తర్వు వచ్చింది. నాలుగు నెలలుగా లారీ కదల్లేదు. ఈస్టరుకి ఎనిమిది గొడ్లు ఇస్తానని కన్నారావు కోత దుకాణం భాయ్‌కి మాట ఇచ్చి ఉన్నాడు. ఈసారీ తప్పితే దుకాణం ఎత్తేసి కోళ్ళు పెట్టుకుంటానని భాయ్ మర్యాదగానే చెప్పాడు. ఆ ఒక్క దుకాణం పోతే ఇక దొడ్డి లేదు.

జంగ్లీఘాట్ నుంచి గవరయ్య వచ్చింది ఆ రోజుల్లోనే. డెబ్భై ఏళ్ళ చేపల వేటగాడు. ఇప్పటికీ సొంత డుంగీ, చిన్న ఇంజన్ పడవ, తనే నడుపుతాడు. చెప్పులు చేత్తో పట్టుకుని దొడ్డిలోకి వచ్చి, నాలుగు వైపులా చూసి, తిరగేసిన తొట్టి మీద కూర్చున్నాడు.

“ఒరే కన్నారావా, ఆ ఆదివారం నీ గొడ్లు ఎన్నిరా మునిగిపోనాయి?”

ఆదివారం అంటే ఏ ఆదివారమో ఇక్కడ ఎవరూ అడగరు.

“పద్నాలుగు. ఇప్పుడెందుకు మావా అది?”

“మునిగిపోయిన గొడ్లు పిల్లల్ని ఈనుతాయేట్రా?”

కన్నారావుకి అర్థం కాలేదు.

“షోల్ బే క్రీక్ మొగదాల పేరు లేని చిన్న టాపూ ఉంది చూడు. నీళ్ళకని ఆగినాను. నల్లగా రాళ్ళు అనుకున్నాను. ఆ రాళ్ళు లేచి నిలబడ్డాయిరా. ఒకదాని చెవికి గాటు కూడా చూసినాను. నీ గాటే.”

కొన్న గొడ్డుకి ఎడమ చెవి కొన మీద రెండు గాట్లు పెట్టడం ఆ దొడ్డి ఆనవాయితీ. గాటు పడ్డ గొడ్డు కాడికి పోదు, పాలకి పోదు, తిరిగి అమ్మకానికి పోదు. లోపల మొలిచిన పిచ్చిగడ్డి కోస్తున్న యర్రమ్మ కొడవలి ఆపింది.

యర్రమ్మ కన్నారావు తమ్ముడు రాముడి భార్య. సునామీకి ముందు దొడ్డి ఇక్కడ కాదు, షోల్ బే క్రీక్ అనే ఉప్పుటేటి ఒడ్డున ఉండేది. ఆ ఉదయం భూమి ఊగి ఆగాక, దడి పడిపోయిందేమో చూసొస్తానని రాముడు అటు వెళ్ళాడు. కన్నారావు పై రోడ్డు మీద లారీ దగ్గర ఉండిపోయాడు. అక్కడి నుంచే నీళ్ళు పైకి రావడం చూశాడు. మూడో రోజు మడచెట్ల వేళ్ళలో రాముడు దొరికాడు. ఒక పోతు కళేబరం దొరికింది. మిగిలిన గొడ్ల సంగతి ఎవరూ వెతకలేదు.

ఆ దొడ్డికి మూడు వైపులే దడి ఉండేది. దీవుల్లో దొడ్లన్నీ అంతే. నాలుగో వైపు సముద్రం ఉంటుంది కాబట్టి కర్ర ఖర్చు దండగ అనేవాడు తండ్రి. నేల మీద పెరిగిన గొడ్డుకి అంత నీటిని చూస్తే అదే గోడ. ఆ తెరిచిన వైపు నుంచే నీళ్ళు వచ్చాయని కన్నారావు ఐదేళ్ళుగా అనుకుంటున్నాడు. ఎన్ని దడులు కట్టినా ఆ నీళ్ళు ఆగేవి కావని అతనికి తెలుసు. తెలిసినా అనుకోవడం మానలేకపోయాడు.

మర్నాడు పశువైద్య శాఖలో పనిచేసే గోపీచంద్‌ని పిలిపించాడు. ముప్ఫై ఏళ్ళవాడు, ప్రోతరాపూర్ కుర్రాడు. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు.

“భయ్యా, ఆ మంద నిజంగా ఉంటే గాలికుంటు దాని దరిదాపులకి రాలేదు. బిల్కుల్ సాఫ్. డుంగీల్లో తెస్తారు కాబట్టి రోడ్డు మీద తోలినట్టూ కాదు. నేను చూసి చీటీ రాస్తాను. మీ గాటున్నవి మీవి.”

“గాటు లేనివో?”

“పట్టుకున్నవాడివి. అడిగేవాడెవడు?” గోపీచంద్ టీ ఊదుకున్నాడు. “దేఖో భయ్యా, నిజం చెప్తున్నా. డిగ్లీపూర్‌లో ఇల్లిల్లూ తిరిగాను. గేదె ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ రోగం పోతే మెయిన్‌లాండ్ నుంచి ఇంకోటి దిగుతుంది. పదేళ్ళు పోతే కోతకి గొడ్డూ ఉండదు, కోసేవాడూ ఉండడు.”

యర్రమ్మ గ్లాసులు తీస్తూ అంది. “పదేళ్ళ సంగతి తరవాత బాబూ. పండక్కి ఏటి చేస్తారో అది చెప్పండి.” తరవాత బావగారి వైపు తిరిగి, ముఖం చూడకుండా, “ఎల్లండి. నేను తొట్లు కడిగి, గడ్డి కోసి ఉంచుతాను,” అంది.

రెండు డుంగీల్లో ఏడుగురు బయల్దేరారు. నలుగురు కూలీలు, గోపీచంద్, గవరయ్య, కన్నారావు. రెండు బస్తాల తవుడు, పలుపులు, గవరయ్య పాత వలలు, వెదురు కర్రలు. అప్పుడే తెల్లవారుతోంది. క్రీక్‌లోకి తిరగగానే కుంగిన పొలాలు కనిపించాయి. ఒకప్పటి గట్ల ఆనవాలు నీటి కింద గీతల్లా ఉంది. పోకచెట్లు తలలు పోయి తెల్లగా నిలబడి ఉన్నాయి. పాత దొడ్డి ఉండవలసిన చోట కొంగలు నడుస్తున్నాయి. కన్నారావు అటు ఒకసారి చూసి పలుపులు విడదీయడంలో పడ్డాడు. గవరయ్య అక్కడ ఇంజన్ కాస్త నెమ్మది చేసి, దాటాక పెంచాడు.

ఆ టాపూ పెద్ద దీవేం కాదు. ఒక గుట్ట, దాని కింద అడవి, చుట్టూ మడచెట్లు, ఒక పక్క నాలుగు ఎకరాల ఇసుకతిన్నె. గుట్టలోంచి సన్నని ఊట దిగుతోంది. ఊట కింద గొడ్లు పొర్లి పొర్లి చేసుకున్న మడుగు ఉంది. అంచులు తాపీ పెట్టినట్టు నున్నగా ఉన్నాయి. కన్నారావు వంగి ఆ బురదలో గిట్టల జాడలు చూశాడు. పెద్దవి, చిన్నవి, మరీ చిన్నవి, పిడికిలి అంత కూడా లేనివి. మడచెట్ల ఆకులు ఒకే ఎత్తున సమంగా మేసేసి ఉన్నాయి.

“ఈ ఉప్పాకు తిని బతికాయా?” అన్నాడు గోపీచంద్. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. “ఛీ. నమక్ హీ నమక్.”

“నీ పళ్ళెంలో పడలేదని అది తిండి కాకపోదు బాబూ,” అన్నాడు గవరయ్య.

ఇసుకతిన్నె మీద తవుడు రాశులు పోయించి, వెదుళ్ళు పాతి అడవి వైపు ఒక వల, రెండు పక్కలా రెండు వలలు కట్టించాడు కన్నారావు. అడవి వైపు వల మధ్యలో దారి వదిలాడు. గొడ్లు లోపలికి రాగానే ఆ దారి మూసేయాలి. గవరయ్య నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

“ఇటో?”

“ఇటెందుకు మావా? సముద్రం ఉంది కదా.”

“నీ గొడ్లకి సముద్రం గోడ. వీటి సంగతి నాకు తెల్దు. నీకు తెలుసా?”

“నలభై ఏళ్ళ నుంచి చేస్తున్నాను.”

“నలభై ఏళ్ళ నుంచి ఆకలితో ఉన్న గొడ్డుని, కట్టేసిన గొడ్డుని చూసినావు,” అని గవరయ్య డుంగీ వైపు నడిచాడు. “సరే, నీ పెళ్ళి, నీ పందిరి.”

చెట్ల చాటున కూర్చున్నారు. ఎండ గుట్ట మీద నుంచి కిందికి దిగుతోంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత ఆకులు కదిలిన చప్పుడు కూడా లేకుండా ఒక తల బయటికి వచ్చింది.

ముసలి గేదె. ఎడమ కొమ్ము సగానికి విరిగి ఉంది. చెవి కొన మీద రెండు గాట్లు. కన్నారావు దాన్ని వెంటనే పోల్చుకున్నాడు. రంగత్‌లో ఒక బెంగాలీ రైతు దగ్గర కొన్నాడు. మూడేళ్ళు చూడి కట్టలేదని ఆ రైతు దాన్ని వదిలించుకున్నాడు. కన్నారావు అప్పుడు డొక్క మీద అరచేయి వేసి చూసి, దీని పని అయిపోయిందని తనే తీర్పు చెప్పాడు. డొక్కలు లోపలికి పోయి, తోలు వేలాడుతూ ఉండేది.

ఇప్పుడది తడిసిన నల్లరాయిలా మెరుస్తోంది. ఛాతీ రెండు మూరల వెడల్పుంది. దాని పక్కన మొన్ననో అంతకుముందు రోజో పుట్టినట్టున్న దూడ. దూడ వెనక ఏడాది పెయ్య. ఆ పెయ్య వెనక దానికన్నా పెద్దది, చూడితో ఉన్నది. మూడు ఈతలు ఒకదాని వెనక ఒకటి, తోవలో నడిచినట్టు, తొందర లేకుండా వచ్చాయి. తరవాత మిగిలినవి. అడవి వాటిని ఒక్కొక్కటిగా విడిచిపెడుతున్నట్టు ఉంది. కొమ్ములు ఎవరూ కోయకపోతే అంత దూరం వంపు తిరుగుతాయని కన్నారావుకి తెలియదు. ముక్కుతాడు లేని గేదె తల అంత ఎత్తున పెట్టుకుని నడుస్తుందనీ తెలియదు. నలభై ఏళ్ళు గొడ్ల మధ్య బతికి తాను గొడ్డుని చూడలేదేమోనని అతనికి ఒక్క క్షణం భయం వేసింది.

“ఇరవై రెండు,” గోపీచంద్ గొణిగాడు. “గాటున్నవి ఐదే. భయ్యా, గాటు లేనివి పదిహేడు. యే తో... ఇవన్నీ ఆ తరవాత పుట్టినవే.”

కన్నారావు తల ఊపాడు. గాటున్న ఆ ఐదూ చూడి కట్టవని, కాడికి పనికిరావని తాను కొన్నవే.

తవుడు వాసనకి అన్నీ తిన్నె మీదికి వచ్చాయి. కన్నారావు చేయెత్తాడు. కూలీలు పరుగెత్తి వల దారి మూసి, డబ్బాలు కొడుతూ అరిచారు. మంద ఒక్కసారి తలలెత్తింది. బెదరలేదు. ముసలి గేదె మూడు వైపులా ఉన్న వలల్ని చూసింది. తరవాత, ఇంటి గుమ్మం దిగినంత మామూలుగా, నాలుగో వైపు తిరిగి సముద్రంలోకి నడిచింది.

మోకాలి లోతు, డొక్క లోతు, మెడ లోతు. ఆపైన నీటి మీద తలలే. ఇరవై రెండు తలలు, కొమ్ములు వెనక్కి వాలి, ముక్కులు పైకెత్తి, ముసలిదాని వెనక బారు తీరాయి. దూడలు తల్లుల నడుముల మీద గడ్డాలు ఆనించుకున్నాయి. ఎప్పుడూ చేసే పనే అన్నట్టు ప్రతి దూడా తన చోటు వెతుక్కుంది. పోటు ఆగి పాటు ఇంకా మొదలుకాని వేళ అది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆ గంట ఎప్పుడొస్తుందో వాటికి తెలుసు. అవతలి ఒడ్డు అర మైలు ఉంటుంది. వాటి ఊపిరి చప్పుడు ఇటు ఒడ్డుకి వినిపిస్తోంది.

“అరె బాప్ రే,” అన్నాడు గోపీచంద్. కూలీల్లో ఒకడు డబ్బా కింద పెట్టి దండం పెట్టాడు.

గవరయ్య అప్పటికే డుంగీ నీళ్ళలోకి తోశాడు. “ఎక్కరా! నీళ్ళలో ఉన్న గొడ్డు ఏటీ చేయలేదు. దూడని పట్టు, చాలు.”

అది ఆ పని చేసే ప్రతివాడికీ తెలిసిన సంగతి. దూడకి తాడు పడితే తల్లి దానంతటదే వెనక వస్తుంది. ఆ తల్లే మందకి ముందు నడిచేదైతే మందంతా వస్తుంది. కన్నారావు ఎక్కి, పలుపుకి ఉచ్చు వేసి పట్టుకున్నాడు. గోపీచంద్ వెనక దూకాడు.

మధ్యకి చేరేసరికి పాటు మొదలైంది. ముసలి గేదె దూడ మరీ పసిది. నీళ్ళు లాగగానే దాని గడ్డం తల్లి నడుము మీద నుంచి జారింది. తల్లి ఆగలేదు, ఆగితే వెనకవన్నీ చెదురుతాయి. ఒక్కసారి మాత్రం తల తిప్పి గొంతులో చిన్నగా మూలిగింది. దూడ బారు నుంచి విడిపోయి, ముక్కు మాత్రం పైన పెట్టుకుని, సముద్రం వైపు కొట్టుకుపోసాగింది. గవరయ్య డుంగీని దాని దారికి అడ్డంగా తెచ్చి ఇంజన్ ఆపాడు.

“ఇప్పుడు,” అన్నాడు.

కన్నారావు ఉచ్చు పట్టుకుని వంగాడు. దూడ అతన్ని చూడలేదు. దానికి ఎదురుగా ఏదో నల్లగా, నీటి మీద నిలబడి ఉన్నది కనిపించింది. అది తిన్నగా డుంగీ దగ్గరికి ఈదుకొచ్చి, అంచు మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుంది.

అతని చేయి దాని మెడకి జానెడు దూరంలో ఉంది. ఈస్టరుకి ఎనిమిది గొడ్లు, భాయ్ దుకాణం, దొడ్డి, అన్నీ ఆ జానెడు దూరంలో ఉన్నాయి. దూడ వణుకుతోంది. ఆ వణుకు చెక్కలోంచి అతని మోకాళ్ళకి తెలుస్తోంది. గడ్డం మళ్ళీ జారబోయింది. కన్నారావు ఉచ్చు ఉన్న చేత్తోనే దాన్ని కింద నుంచి ఎత్తి పట్టుకున్నాడు. అతని అరచేయి గొడ్ల మీద ఎన్ని వేల సార్లు పడిందో లెక్క లేదు. ఎముక మీద ఎంత మాంసం ఉందో ఆ చేయి చెప్పేది. ఇప్పుడు దానిలో ఉన్నది ఒక దవడ, వేడి ఊపిరి, అంతే.

“తాడు వెయ్యరా,” అన్నాడు గవరయ్య.

“అవతలికి పోనీ మావా.”

“ఏటి?”

“ఇంజన్ వద్దు. తెడ్డుతో పోనీ. నెమ్మదిగా.”

గవరయ్య అతని ముఖం చూసి తెడ్డు అందుకున్నాడు. గోపీచంద్ కూడా రెండో తెడ్డు తీశాడు. డుంగీ మంద పక్కనే, మందంత నెమ్మదిగా సాగింది. కుడి పక్క బారెడు దూరంలో ఏడాది పెయ్య, దాని ముందు ముసలిది. వాటి ఒళ్ళు నీటిలో ఆకుపచ్చగా, బరువు లేనట్టు కదులుతున్నాయి. ఇంత బరువుని నీరు ఇంత సులువుగా మోస్తుందా అనుకున్నాడు కన్నారావు. అతని చేయి మొద్దుబారింది. మార్చలేదు.

నేల తగలగానే దూడ కాళ్ళు తన్నుకుంది. అతను వదిలేశాడు. అది రెండుసార్లు పడి లేచి, తల్లి పొదుగు కిందికి దూరింది. తల్లి డుంగీ వైపు చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లాంటిదేమీ లేదు. గాట్లున్న చెవి ఆడించి, మందతో కుంగిన పొలాల మీదుగా మేతకి వెళ్ళిపోయింది.

గవరయ్య డుంగీ వెనక్కి తిప్పుతుంటే గోపీచంద్ అడిగాడు. “భయ్యా, మా సాబ్‌కి చెప్తే ఇరవై మంది, ఆరు బోట్లు వస్తాయి. నాలుగు వైపులా కడదాం. ఏం రాయమంటారు?”

“నా గొడ్లు ఆ ఆదివారమే పోయాయి. ఇవి నావి కావు. నువ్వు చూసింది నువ్వు రాసుకో.”

గోపీచంద్ పుస్తకం తీశాడు. ఇరవై రెండు అని వేసి, ఆరోగ్యం దగ్గర ఒక మాట రాసి, యజమాని అన్న గడి దగ్గర ఆగి, దాన్ని ఖాళీగా వదిలి పుస్తకం మూశాడు.

బాంబూఫ్లాట్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. యర్రమ్మ జెట్టీ మెట్ల మీద నిలబడి ఉంది. ఖాళీ డుంగీలు చూసి కిందికి దిగలేదు. కన్నారావు పైకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. దూడ సంగతి కూడా దాచలేదు.

“చేతికొచ్చిన దాన్ని వదిలీసినారు,” అంది.

“అవునమ్మా.”

“భాయ్ దుకాణం ఎత్తీస్తాడు.”

“అవును.”

“దొడ్డి లేకపోతే మనం ఏటి చేస్తామో దారిలో ఏమైనా అనుకున్నారా?”

“లేదు.”

ఆమె కొంగు భుజం చుట్టూ బిగించింది. ఫెర్రీ కూత వేసింది. జనం వాళ్ళిద్దరినీ తప్పించుకుంటూ దిగి వెళ్ళారు. అందరూ పోయాక యర్రమ్మ నీటి వైపు చూస్తూ అడిగింది.

“నీళ్ళలోకి దిగినప్పుడు బెదిరినాయా, బావా?”

ఐదేళ్ళలో ఆమె ఆ నీటి గురించి అడిగిన మొదటి మాట అది. కన్నారావు జవాబు చెప్పేముందు ఆలోచించాడు, ఉన్నదానికంటే ఒక్క మాట ఎక్కువ కాకూడదని.

“లేదమ్మా. దారి తెలిసినట్టే వెళ్ళాయి.”

యర్రమ్మ తల ఊపింది. తరవాత మెట్లెక్కుతూ, “కోసిన గడ్డి ఎండిపోతాది. పక్కింటి శ్రీలక్ష్మి వాళ్ళ ఆవుకి ఏసీసి వస్తాను,” అంది. “భాయ్ దగ్గరికి మీరొక్కరే ఎల్లకండి. నేనూ వస్తాను.”